రోడ్డు ఎంత శాతం పూర్తయింది?

మనమంతా వారం వారం స్టేటస్ రిపోర్టులో "70 శాతం అయింది" అని రాసేవాళ్ళమే. ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో నాకు బాగా తెలిసొచ్చింది ఒక రోడ్డును చూశాకే.

నేనుండే మలేషియాలో బంతింగ్ నుంచి తైపింగ్ దాకా 233 కిలోమీటర్ల వెస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌వే పని 2014లో మొదలైంది. 2019లో పెరాక్‌లో కొన్ని భాగాలు తెరిచారు, హుటాన్ మెలింతాంగ్ - తెలుక్ ఇంతాన్ ముక్క వాటిలో ఒకటి. (తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఉన్న ప్రాంతమే.) మిగతా పని సాగుతుండగా కోవిడ్ వచ్చిపడింది. 2020 మార్చి 18న దేశమంతా మూతపడింది. మేలో సడలించారు, 2021 జూన్‌లో మళ్ళీ బిగించారు. మూసిన రోజులు లెక్కగట్టి గడువుకు కలిపితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. ఎందుకో చూద్దాం.

ఈ తీరంలో చాలాచోట్ల నేల మెత్తటి సముద్రపు బంకమన్ను. దానిమీద కట్ట పోస్తే మట్టిలోని నీరు మెల్లగా బయటికిపోయి నేల కుంగుతుంది. కుంగడం అవకముందే తారు వేశారా, తర్వాత రోడ్డు ఎగుడుదిగుడవుతుంది. ఎంతకాలం ఆగాలో టెర్జాగి అనే ఇంజనీరు 1920ల్లోనే లెక్క చెప్పాడు. 90 శాతం కుంగడానికి పట్టే కాలం = 0.848 × నీరు నడవాల్సిన దూరం × అదే దూరం ÷ ఆ మట్టి గుణకం. గుణకం ఏడాదికి 2 చదరపు మీటర్లు, దూరం 10 మీటర్లు అనుకోండి. 42 ఏళ్ళు! దూరం సగమైతే పదిన్నర. అందుకే దీపపు వత్తుల్లాంటి ప్లాస్టిక్ పట్టీలను మీటరు, మీటరున్నర ఎడంతో నిలువుగా నేలలోకి దింపి, పైన అదనపు మట్టి బరువు వేస్తారు. ఏళ్ళు నెలలవుతాయి. కానీ ఆ నెలలు మాత్రం ఆగాల్సిందే.

ఇప్పుడు లాక్‌డౌన్ సంగతి. అప్పటికే బరువు వేసిన చోట, సైట్‌లో ఒక్క మనిషి లేకపోయినా నేల తన పని తాను చేసుకుపోతుంది. ఆ రోజులు వృథా కావు. బరువు ఇంకా వెయ్యని చోట ప్రతి రోజూ నష్టమే, పైగా నెలల నిరీక్షణ మొదలే కాలేదు. వంతెనలది మూడో కథ: వాటికి చేతులు కావాలి, ఇక్కడ ఆ చేతుల్లో చాలామటుకు విదేశాల నుంచి వచ్చినవే. సరిహద్దులు పూర్తిగా తెరుచుకున్నది 2022 ఏప్రిల్ 1న. ఒకే రోడ్డు, మూడు క్యాలెండర్లు!

ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని పెంచితే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో చెప్పిన మాట మనకు కొత్తేం కాదు. ఇది అంతకంటే మొండి సమస్య, అసలు మనుషులతో సంబంధమే లేని ఆలస్యం. పేరోల్ సిస్టం మారిస్తే పాత, కొత్త లెక్కలు కనీసం రెండు నెలలు పక్కపక్కన నడపాలి. పదిమంది టెస్టర్లను దింపినా నెలాఖరు ముందుగా రాదు. అందుకని నా ప్లానుల్లో ఇలాంటి నిరీక్షణలను విడిగా గుర్తుపెట్టి, ముందు వాటినే మొదలుపెడతాను. స్క్రీన్లు తర్వాత చూసుకోవచ్చు.

ఇంకొకటి. బరువు వేసి ఆగిన నెలల్లో ఎంత మట్టి పోశారు, ఎంత కాంక్రీటు వేశారు అన్న లెక్కతో తీసిన శాతం కదలదు. పైవాళ్ళు కంగారు పడతారు. సైట్ ఇంజనీరు మాత్రం కట్టలో పాతిన కొలత పలకలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో గీత గీస్తుంటాడు. ఆ గీత చదునయితేనే అదనపు మట్టి తీసేది. క్లయింటు మీటింగుకి నేను పట్టుకెళ్ళేది అలాంటి గీతనే: నెలాఖరు లెక్కల్లో తేడాలు ఎన్ని మిగిలాయో చూపించేది.