జెట్ యంత్రమునకు గుఱ్ఱపుబలము నేల చెప్పరు?

మోత్కూరు చుట్టుపట్ల ఏ రైతునడిగినను తన బావి మోటారు అయిదు హార్సుపవరుదనియో, ఏడున్నరదనియో తడవుకొనక చెప్పును. విమానపు జెట్ యంత్రమునకు మాత్రము ఆ లెక్క చెప్పరు. ఇన్ని న్యూటనుల తోపు గలదందురు. ఈ భేదమును మన విద్యార్థులు తెలియవలసిన కాలము వచ్చినది. 2025 నవంబరు 26న శంషాబాదు విమానాశ్రయము చెంత లీప్ అను జెట్ యంత్రములను బాగుచేయు సఫ్రాన్ వారి శాల ప్రారంభింపబడినది. మన బాలబాలికలలో కొందఱైన నట్టి శాలలలో పనివారగుదురని మా యాశ.

యంత్రమున ముందరనున్న పంకా గాలిని లోనికి లాగును. అందు కొంత గాలి, వరుసలుగా తిరుగు రెక్కలచే నొక్కబడి, మండుగదిలో కిరోసినువంటి చమురుతో కలసి మండును. వేడెక్కిన వాయువులు వెనుకకు వెడలుచు టర్బైనును త్రిప్పును. ఆ టర్బైనే ముందరి రెక్కలను, పంకాను త్రిప్పుచుండును. వెడలిన వాయువు బయటి గాలిని తన్నుటచే విమానము కదలునని పలువురు తలంతురు. అది సరికాదు. యంత్రము గాలిని వెనుకకు నెట్టగా, ఆ గాలియే యంత్రమును ముందుకు నెట్టును. న్యూటను మూడవ సూత్రమిదియే.

1937 ఏప్రిల్ 12న ఇంగ్లండులో ఫ్రాంక్ విటిల్ నడపిన తొలి యంత్రమున గాలి యంతయు లోపలి దారినే పోయెడిది. లీప్ యంత్రమునందో, లోపలికి పోవు ప్రతి కిలో గాలికి సుమారు 11 కిలోలు మండుగదిని చేరక ప్రక్కదారిని వెడలును. ఇది వ్యర్థము కాదా యని పిల్లలడుగుదురు, మంచి ప్రశ్నయే. నిలిచియున్న ఒక కిలో గాలిని సెకనుకు 200 మీటర్ల వేగమునకు తెచ్చినను, రెండు కిలోలను 100 మీటర్ల వేగమునకు తెచ్చినను తోపు సమానమే. కాని మొదటిదానికి 20,000 జౌళ్ల శక్తియు, రెండవదానికి 10,000 జౌళ్లు మాత్రమే పట్టును. ఎక్కువ గాలిని మెల్లగా నెట్టుటయే చమురునకు పొదుపు.

ఇక కొలత. యంత్రమును గట్టి చట్రమునకు వ్రేలాడదీసి నడపుదురు. ముందుకు కదలజూచు చట్రమును లోడ్ సెల్ అను సాధనము ఆపును. అందలి పలుచని లోహపురేకు వెండ్రుకవాసి సాగినను దాని విద్యున్నిరోధము మారును; ఆ మార్పునుబట్టి తోపు తెలియును. పెద్ద లీప్ యంత్రపు తోపు సుమారు 1,20,000 న్యూటనులు, అనగా పండ్రెండు టన్నుల బరువు నెత్తి పట్టగల బలము.

దీనిని గుఱ్ఱపుబలముగా నేల మార్చరాదు? పూర్వము మన బావులపై మోట తోలునపుడు, ఎద్దులు మోకును ఎంత బిగలాగినను మోట కదలనిచో, శాస్త్రరీత్యా జరిగిన పని సున్న. అట్లే కట్టివేసిన యంత్రము గాలికి ఎంత వేగమిచ్చినను విమానమునకు చేసిన పని సున్న. బలమును వేగముచే గుణించిననే గుఱ్ఱపుబలము వచ్చును. ఆకాశమున తోపు 20,000 న్యూటనులకు తగ్గి, వేగము సెకనుకు 230 మీటర్లనుకొందము: 46 లక్షల వాట్లు. 746చే భాగింపగా సుమారు 6,160 గుఱ్ఱపుబలము. వేగము మారిన ఈ లెక్కయు మారును. కావున తోపే నమ్మదగిన కొలత.

కొలిచిన తోపును 15 డిగ్రీల వేడి, 1013 మిల్లిబారుల ఒత్తిడిగల ప్రమాణ దినమునకు సరిచేసి వ్రాయుదురు. మన వైశాఖపు 42 డిగ్రీల యెండలో గాలి పలుచబడి, యంత్రమీయగల గరిష్ఠపు తోపు తగ్గును. అట్టి నాడు పైలట్లు విమానపు బరువును, రన్‌వే పొడవును ఆ తగ్గిన తోపుతో సరిచూచుకొనియే బయలుదేరుదురు. చాలదని తేలినచో కొంత సరకునైనను, ప్రయాణికులనైనను దింపుదురు.