అగ్గిపుల్లల ప్రయోగశాల

మీ బడిలో ప్రయోగశాల ఉందా? ఉంటే దాని తాళం నెలకెన్నిసార్లు తీస్తారు?

1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా (ఇప్పటి నర్మదాపురం) పల్లెటూరి బడుల్లో ఈ ప్రశ్నకు చోటే లేదు. గదే లేకపోతే తాళమెక్కడిది? ఆ ఏడాది ‘కిశోర్ భారతి’, ‘ఫ్రెండ్స్ రూరల్ సెంటర్’ అనే రెండు సంస్థలు 16 బడుల్లో కొత్త పద్ధతి మొదలుపెట్టాయి. 6, 7, 8 తరగతుల పిల్లలు నలుగురేసి కూర్చుని తామే ప్రయోగం చేసేవారు, చూసింది రాసేవారు, తేడాలొస్తే వాదించుకొనేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు! జవాబులు అందులో అచ్చయి ఉండవు గదా.

ఈ పద్ధతి క్రమంగా వందల బడులకు పాకింది. సామాన్లు చవకే. కష్టమల్లా ఉపాధ్యాయులను తయారుచేయడమే. సెలవుల్లో వారికి శిక్షణ, నెలనెలా సమావేశాలు జరిగేవి. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని ఆపేసింది. ముప్ఫై ఏళ్ల పని అలా ఆగిపోవడం విచారకరం.

1978లో అరవింద్ గుప్తా అనే ఇంజనీరు ఉద్యోగానికి సెలవుపెట్టి అక్కడికి వెళ్లాడు. సైకిలు వాల్వు ట్యూబుతో అగ్గిపుల్లలను అతికి ఆకారాలు కట్టే పద్ధతి అక్కడే రూపుదిద్దుకుంది. మనమూ చేద్దాం.

పుల్లల కొసనున్న మందు జాగ్రత్తగా గీకేయండి. సన్నని వాల్వు ట్యూబును ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలుగా కోయండి. ముక్కకు ఇటొక పుల్ల, అటొక పుల్ల దూర్చితే కీలు తయారు. మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగింటితో చతురస్రం కట్టండి. ఇప్పుడు వేళ్లతో పక్కకు నెట్టండి. చతురస్రం ఒరిగిపోతుంది, త్రిభుజం బిగుసుకుని ఉంటుంది. ఎందుకని? మూడు భుజాల పొడవులు తెలిస్తే త్రిభుజం కోణాలు ఖాయమైపోతాయి. నాలుగు భుజాలకు ఆ కట్టుబాటు లేదు. పొడవులు మారకుండానే కోణాలు మారగలవు. రేకుల షెడ్డు కప్పులో, కరెంటు టవరులో, రాజమండ్రి రోడ్డు-రైలు వంతెనలో అన్ని త్రిభుజాలున్నది ఇందుకే.

చతురస్రాన్ని గట్టిపరచాలంటే దాన్ని రెండు త్రిభుజాలు చేయాలి. ఎదురెదురు మూలల ట్యూబు ముక్కలకు తుమ్మముల్లుతో బెజ్జాలు పొడిచి, అడ్డంగా పుల్ల పెట్టబోండి. అగ్గిపుల్ల అందదు! చతురస్రపు కర్ణం భుజానికి సుమారు 1.41 రెట్లుంటుంది. చీపురుపుల్లను కొలిచి, విరిచి పెట్టండి.

మొండిగా అగ్గిపుల్లనే ఇరికిస్తే? ఆకారం మారిపోతుంది. దాని నాలుగు కోణాలూ కోణమానినితో కొలిచి, అవి అంతే ఎందుకున్నాయో మీ నోటుపుస్తకంలో రాయండి.