బస్సు ఆగు తావు – పంచాయతీ బాధ్యత

గ్రామమునకు బస్సు వచ్చినంతమాత్రమున పంచాయతీ పని తీరలేదు. రోడ్డు అంచున ఎండకు వేగుచు, వానకు తడియుచు బడిపిల్లలు, వృద్ధులు, గర్భిణీ స్త్రీలు నిలిచియుండు గ్రామములు నేటికిని పెక్కు కలవు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము లభించినందున ఈ విషయము మరింత ముఖ్యమైనది.

మొదటిది తావు. మలుపునందును, వంతెనపైనను, చెట్ల చాటునను బస్సు ఆగరాదు. వచ్చు వాహనములు దూరమునుండియే కనబడవలెను. ఆగిన బస్సు ముందునుండి రోడ్డు దాటువానికి ప్రక్కగా దూసుకొనివచ్చు లారీ కానరాదు. లారీ నడుపువానికి అతడు కానరాడు. బస్సు కదలిపోయిన పిదపనే దాటవలెనని పిల్లలకు నేర్పవలెను.

రెండవది సౌకర్యము. రేకుల కప్పు, అరుగు, వీధి దీపము ముఖ్యములు. మూడు ప్రక్కల గోడలు మూసి చీకటి గది కట్టినచో అది పేకాటకు నెలవగును. స్త్రీలు లోన నిలువ జంకుదురు.

మూడవది అందుబాటు. బస్సు స్టాపులలో దివ్యాంగులకు వసతులుండవలెనని 2016 నాటి చట్టము చెప్పుచున్నది. అరుగు అడుగు ఎత్తున్నచో 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుగల వాలుబాట వేయవలెను.

రోడ్లు, భవనముల శాఖ రోడ్డు ప్రక్కన కట్టుటకు ఆ శాఖ అనుమతి పొందవలెను. తావు మార్చుటకు డిపో మేనేజరునకు తీర్మానము పంపవలెను. అంతకుముందు సభ్యులందరు ఒక సాయంకాలము బస్సు వేళకు అచట అరగంట నిలిచి చూడుడు. చేయవలసినదేమో అచటనే తేటపడును.