ఎవరికి ఏ పరుపు?

కోనసీమలో ఒక ఊరు. ఆ ఊళ్ళోకి పరుపుల వ్యాను వచ్చింది. రావిచెట్టు కింద ఆగింది. మైకు మోగింది.

"అమ్మా రండి! అక్కా రండి! అసలైన లాటెక్స్ పరుపు! కొత్త రకం హైబ్రిడ్ పరుపు! నడుం నొప్పి మాయం! ముందు వెయ్యి కట్టండి. పరుపు పట్టుకెళ్ళండి!"

ఆడవాళ్ళు చుట్టూ చేరారు. పరుపును నొక్కి చూశారు. మెత్తగా ఉంది. పైన పూలగుడ్డ మెరుస్తోంది. వెల 18,000 రూపాయలు.

చెరువుగట్టు వీధి కోడలికి ఆశ పుట్టింది. ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. అత్తకు పక్షవాతం. ఆరు నెలలుగా మంచం దిగలేదు. భర్త కొబ్బరి బస్తాలు మోస్తాడు. తెల్లారి లేస్తే నడుం పట్టేస్తుంది. ఎనిమిదేళ్ళ కూతురికి ఆయాసం. ఒళ్ళో నాలుగు నెలల చంటిబిడ్డ. పొదుపు సంఘంలో ఆమె దాచుకున్న సొమ్ము 9,000 రూపాయలు.

"ఒక్క పరుపు కొంటే ఇంటిల్లిపాదికీ సుఖం కదా!" అనుకుంది.

పక్కింటి పిన్ని చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగవే అమ్మాయ్! చదువు నేర్చుకున్నాం కదా. ఆ కాగితంలో ఏం రాశారో ముందు చదువు" అంది.

వ్యాను కుర్రాడు పంచిన కరపత్రం కోడలి చేతిలోనే ఉంది. పైన పెద్ద అక్షరాలు. కింద చిన్న అక్షరాలు. చిన్న అక్షరాలను కూడబలుక్కుని చదివింది.

"లాటెక్స్ 1 అంగుళం. ఫోమ్ 2 అంగుళాలు. స్ప్రింగు 5 అంగుళాలు."

"ఇదేంటి బాబూ! అసలైన లాటెక్స్ అన్నావు. ఎనిమిది అంగుళాల పరుపులో లాటెక్స్ అంగుళమేనా?" అని పిన్ని నిలదీసింది.

"హైబ్రిడ్ అంటే అంతేనమ్మా!" అన్నాడు కుర్రాడు.

కోడలు ఆ రోజు డబ్బు కట్టలేదు. సాయంత్రం సంఘం సమావేశంలో అదే మాట వచ్చింది. నర్సమ్మ కూడా వచ్చింది. అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు.

లాటెక్స్ అంటే ఏమిటి?

లాటెక్స్ అంటే రబ్బరు పాలు. రబ్బరు చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులు. 1876లో బ్రెజిల్ నుంచి దాని గింజలు లండన్ చేరాయి. అక్కడ మొలిచిన మొక్కలు ఆసియా దేశాలకు వచ్చాయి. మన దేశంలో రబ్బరు తోటలు ఎక్కువగా కేరళలో ఉన్నాయి.

తెల్లవారుజామున చెట్టు బెరడు మీద ఏటవాలుగా గీత గీస్తారు. పాలు కారతాయి. కింద కట్టిన చిప్పలో పడతాయి. ఆ పాలలో దాదాపు మూడో వంతు రబ్బరు. మిగతాది చాలావరకు నీరే.

ఆ పాలలో గంధకం, మరికొన్ని మందులు కలుపుతారు. మజ్జిగ చిలికినట్టు గిలక్కొడతారు. నురగ వస్తుంది. దాన్ని అచ్చులో పోసి వేడి పెడతారు. ఇడ్లీ పిండి పొంగి ఆవిరికి గట్టిపడినట్టు ఇదీ గట్టిపడుతుంది. లోపల సన్నని గాలి గదులు మిగులుతాయి. అందుకే నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది.

1929లో ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీ వాళ్ళు ఈ పద్ధతి కనిపెట్టారు. అందుకే మన ఊళ్ళలో మెత్తటి పరుపును "డన్‌లప్ పరుపు" అనే అలవాటు వచ్చింది. అలా పిలిచే పరుపులన్నీ రబ్బరువి కావు. చాలా వాటిలో ఉండేది ఫోమ్. ఫోమ్‌ను ముడిచమురు నుంచి వచ్చే సరుకుతో చేస్తారు. అది తేలిక. వెల కూడా తక్కువ. నాసిరకం ఫోమ్ తొందరగా గుంట పడుతుంది.

రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? ఎత్తి చూడాలి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగు అంగుళాల మందం ఉన్న మామూలు ఫోమ్ ముక్క సుమారు అయిదున్నర కిలోలు తూగుతుంది. అంతే కొలత గల లాటెక్స్ సుమారు 13 కిలోలు తూగుతుంది. రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు.

హైబ్రిడ్ అంటే ఏమిటి?

హైబ్రిడ్ అనే మాట మనకు కొత్త కాదు. హైబ్రిడ్ పత్తి, హైబ్రిడ్ జొన్న విన్నాం. రెండు రకాలు కలిపితే హైబ్రిడ్. పరుపులో కూడా అంతే. కింద ఇనుప స్ప్రింగులు. పైన లాటెక్స్ గానీ, ఫోమ్ గానీ, రెండూ గానీ వేస్తారు.

మంచి రకంలో ఒక్కొక్క స్ప్రింగుకు ఒక్కొక్క గుడ్డ సంచి ఉంటుంది. ఒకరు పక్కకు ఒత్తిగిలితే రెండోవారికి అంతగా తెలియదు. స్ప్రింగుల మధ్య గాలి ఆడుతుంది. అంచున కూర్చున్నా తొందరగా కుంగదు.

లోపాలూ ఉన్నాయి. బరువు ఎక్కువ. చుట్టి అటక మీద పెట్టలేం. పాతబడితే స్ప్రింగు కిర్రుమంటుంది. ఊళ్ళో బాగుచేసేవాళ్ళు దొరకరు. పైన లాటెక్స్ ఎన్ని అంగుళాలు, ఫోమ్ ఎన్ని అంగుళాలు అన్నదాన్ని బట్టే దాని విలువ.

"అయితే ఆ కుర్రాడు అబద్ధం చెప్పినట్టా, నిజం చెప్పినట్టా?" అని ఒకామె అడిగింది.

"నోటితో సగం చెప్పాడు. మిగతా సగం చిన్న అక్షరాల్లో ఉంది" అంది కోడలు. అందరూ నవ్వారు.

మన పాత పరుపుల మాట

పత్తి పరుపు మనకు తెలిసిందే. గాలి ఆడుతుంది. ఎండలో వేస్తే చెమ్మ పోతుంది. వాడగా వాడగా గడ్డ కడుతుంది. అప్పుడు దూది ఏకించి మళ్ళీ కుట్టించుకోవచ్చు. కొత్తది కొనక్కర్లేదు. ఇది దాని గొప్ప గుణం.

బూరుగు దూది తేలిక. నీటిని తొందరగా పీల్చదు. దిండ్లకు బాగుంటుంది. కొన్నేళ్ళకు నలిగి పొడి అవుతుంది.

కొబ్బరి పీచు పరుపు కోనసీమ వాళ్ళకు సొంత సరుకు లాంటిది. ఉంగరాలు తిరిగిన పీచు మీద రబ్బరు పాలు చల్లి, వేడి చేసి, అదిమి పలకలు చేస్తారు. అది గట్టిగా ఉంటుంది. గాలి బాగా ఆడుతుంది. కొన్నేళ్ళకు నడుం దగ్గర కుంగుతుంది. అప్పుడప్పుడు తల వైపు కాళ్ళ వైపుకు తిప్పి వేసుకోవాలి.

ఒక ముఖ్యమైన తేడా గుర్తుంచుకోండి. పత్తి పరుపుకు ఎండ మందు. లాటెక్స్‌కు ఎండ శత్రువు. ఎండకు రబ్బరు పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. లాటెక్స్‌ను నీడలో, గాలికి ఆరబెట్టాలి.

ఇంట్లో ఎవరికి ఏది?

"మందు మనిషిని బట్టి ఇస్తాం. పరుపు కూడా అంతే" అంది నర్సమ్మ. ఒక్కొక్కరి గురించి చెప్పింది.

*చంటిబిడ్డకు.* మెత్తటి పరుపు వద్దు. అది లాటెక్స్ అయినా, హైబ్రిడ్ అయినా, బూరుగు దూది అయినా వద్దు. బిడ్డ ముఖం మెత్తటి దాంట్లో కూరుకుంటే ఊపిరి ఆడదు. అరవలేదు, తల తిప్పుకోలేదు. గట్టిగా, చదునుగా ఉన్న పక్క వేయాలి. వెల్లకిలా పడుకోబెట్టాలి. ఏడాది నిండేదాకా దిండు అక్కర్లేదు. అమెరికాలో 1994 నుంచి బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేశారు. నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిబిడ్డల సంఖ్య తర్వాతి ఏళ్ళలో సుమారు సగానికి తగ్గింది.

"మరి ఆవాల దిండు?" అని ఒక మామ్మ అడిగింది.

"తల గుండ్రంగా రావడానికి దిండు పని లేదు మామ్మా. మెలకువగా ఉన్నప్పుడు, మనం దగ్గర ఉండి, కాసేపు బోర్లా ఆడించండి చాలు" అంది నర్సమ్మ.

*నడుం నొప్పి ఉన్నవారికి.* కటిక నేలే మంచిదని చాలామంది అంటారు. 2003లో స్పెయిన్ దేశపు వైద్యులు ఒక పరీక్ష ఫలితం ప్రచురించారు. చాలా కాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు బాగా గట్టి పరుపు, రెండో జట్టుకు మధ్యరకం పరుపు ఇచ్చారు. మూడు నెలల తర్వాత మధ్యరకం పరుపు వారికే ఎక్కువ మేలు కనిపించింది. అంటే మరీ గట్టిదీ వద్దు, మరీ మెత్తదీ వద్దు.

పరుపు నడుం నొప్పిని మాయం చేయదు. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, ఒంటికి రెంటికి పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

*పక్కకు తిరిగి పడుకునేవారికి.* భుజం, తుంటి కొంచెం దిగాలి. పైన కాస్త మెత్తగా ఉండాలి. లాటెక్స్ ఇక్కడ బాగా పనికొస్తుంది. వెల్లకిలా పడుకునేవారికి మధ్యరకం చాలు. బోర్లా పడుకునేవారికీ, బరువైన మనిషికీ ఇంకొంచెం గట్టిది కావాలి. లేకపోతే నడుం కుంగుతుంది.

*ఆయాసం ఉన్నవారికి.* కంటికి కనిపించని చిన్న పురుగులు దుమ్ములో, పక్కబట్టల్లో ఉంటాయి. వాటివల్ల కొందరికి ఆయాసం పెరుగుతుంది. ఏ పరుపు కొన్నా దుప్పటి, గలీబు వారానికోసారి వేడినీళ్ళలో ఉతకాలి. దూది ఏకేటప్పుడు ఆ పిల్లను దూరంగా ఉంచాలి. రబ్బరు తగిలితే దద్దుర్లు వచ్చేవారు కొందరుంటారు. వారు లాటెక్స్ కొనకపోవడమే మంచిది.

*మంచం దిగలేనివారికి.* ఒకే వైపు పడుకుంటే ఒత్తిడికి రక్తం ఆడదు. చర్మం కములుతుంది. పడక పుండు పడుతుంది. 18,000 పరుపు వేసినా ఇది ఆగదు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. చర్మం పొడిగా ఉంచాలి. మడమలు, తుంటి, నడుం కింద ఎరుపు ఉందేమో రోజూ చూడాలి. ఇలాంటివారికి గాలి పరుపు ఉంటుంది. దానికి చిన్న కరెంటు పంపు ఉంటుంది. దాని గదుల్లో గాలి ఒకసారి ఇటు, ఒకసారి అటు నిండుతుంది. అది ఉన్నా పక్క మార్చడం మానకూడదు.

కోడలు ఉలిక్కిపడింది. "మా అత్త నడుం కింద నాలుగు రోజులుగా ఎర్రగా ఉంది నర్సమ్మా! వేడి చేసిందనుకున్నాను."

"ఇప్పుడే పద, చూద్దాం" అని నర్సమ్మ లేచింది.

ఇంకా పుండు కాలేదు. సమయానికి చూశారు. నర్సమ్మ పక్క మార్చడం నేర్పింది. గోడకు గడియారం, పక్కన ఒక కాగితం. పక్క మార్చిన ప్రతిసారీ కోడలు టైము రాసింది. ఆమె లేనప్పుడు భర్త రాశాడు. కూతురు కూడా రాసింది.

దాచుకున్న సొమ్ములోంచి ముందు అత్తకు గాలి పరుపు కొన్నారు. భర్తకు పాత పత్తి పరుపునే ఏకించి, సమంగా కుట్టించారు. బాగా వదులైన నులక మంచం మీద కాకుండా చెక్క బల్ల మీద వేశారు. బిడ్డకు మడత బొంత చాలింది. దానికి పైసా ఖర్చు కాలేదు.

కొనే ముందు

దుకాణంలో పది నిమిషాలు పడుకుని చూడండి. సిగ్గుపడకండి. నడుం కింద చెయ్యి పెట్టండి. చెయ్యి వదులుగా ఆడితే పరుపు మరీ గట్టిది. అస్సలు దూరకపోతే మరీ మెత్తది.

లోపల ఏముంది, ఎన్ని అంగుళాలు ఉంది, బిల్లు మీద రాయించుకోండి. వారంటీ షరతులు చదవండి. "ఇంత లోతు గుంట పడితేనే మారుస్తాం", "మరక పడితే మార్చం" అని కొందరు రాస్తారు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందేమో చూడండి.

మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. వస్తువు వెల అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. బిల్లు మాత్రం కావాలి. బిల్లు లేని సరుకు సాక్షి లేని బేరం.

చర్చించండి

1. మీ ఇంట్లో ఎవరెవరు ఎలా పడుకుంటారు? ఎవరికి ఏ పక్క మంచిది?
2. లాటెక్స్ పరుపును ఎండలో ఎందుకు వేయకూడదు?
3. చంటిబిడ్డకు మెత్తటి పరుపు ఎందుకు వద్దు?
4. కోడలు ముందుగా అత్తకు ఎందుకు ఖర్చు పెట్టింది? మీరైతే ఏం చేస్తారు?

లెక్క చేయండి

పరుపు వెల 18,000 రూపాయలు. అప్పుగా ఇస్తే ముందు 1,000 కట్టాలి. తర్వాత నెలకు 1,700 చొప్పున 12 నెలలు కట్టాలి. మొత్తం ఎంత కట్టినట్టు? అసలు వెల కంటే ఎంత ఎక్కువ?

(జవాబు: మొత్తం 21,400 రూపాయలు. ఎక్కువ కట్టింది 3,400 రూపాయలు.)

చదవండి, రాయండి

లాటెక్స్ – స్ప్రింగు – కరపత్రం – వారంటీ – బిల్లు – ఫిర్యాదు – పక్షవాతం