గిటారు మెడలోని ఉక్కు కడ్డీ

నూజివీడు వీణను దగ్గరగా చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. పనసకర్ర దండిపై 24 మెట్లు మైనంలో కుదురుకొని ఉంటాయి. కాలక్రమాన స్వరం తప్పితే పనివాడు మైనం కరిగించి మెట్లను తిరిగి కూర్చుతాడు. గిటారుకు ఆ వెసులుబాటు లేదు. దాని మెట్లు మెడకర్రలోనే దిగగొట్టబడి ఉంటాయి. మెడ వంగితే అవన్నీ దానితోపాటు కదలవలసిందే. ఆరు ఉక్కు తీగల లాగుడు మొత్తం సుమారు 70 కిలోల బరువుకు సమానం. దానికి ఎదురు నిలవడానికే మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీని అమర్చుతారు. అమెరికాలో గిబ్సన్ సంస్థకు చెందిన మెక్‌హ్యూ రూపొందించిన, బిగించడానికి వీలైన కడ్డీకి 1923లో పేటెంటు లభించింది. నైలాను తీగల గిటార్లలో పెక్కింటికి ఇది ఉండదు.

ఈ కడ్డీ చేసే పని ఒక్కటే: మెడ వంపును సవరించడం. తీగలు ఎత్తుగా ఉన్నాయని దీనిని బిగించడం పొరపాటు. విద్యార్థి దశలో మేము చేసినది సరిగా ఆ పొరపాటే. బందరు గాలిలోని తేమ ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. వానాకాలంలో జాడీలోని ఉప్పు నీరవుతుంది, తలుపులు బిగుసుకుంటాయి. ఆ తేమకే గిటారు పెట్టె పైపలక ఉబ్బి, బ్రిడ్జిని పైకెత్తి, తీగలను మెట్లకు దూరం చేస్తుంది. గుడివాడ మిత్రుడొకరి గిటారు అలాగే ఉండగా, లోపం మెడదేనని తలచి నట్టును బలంకొద్దీ తిప్పాము. లోపల టప్పుమన్నది, మర తెగింది. అరువు తెచ్చిన వాద్యమాయె! మిత్రుడు ఒక్క మాట అనలేదు, అదే మాకు ఎక్కువ బాధ.

కనుక ముందు కొలవాలి. శ్రుతి చేసిన గిటారులో లావుతీగను మొదటి మెట్టు వద్ద, మెడ పెట్టెతో కలిసేచోటి మెట్టు వద్ద నొక్కిపట్టాలి. అప్పుడు ఆ తీగయే కొలబద్ద. ఏడవ మెట్టుకు, తీగకు మధ్య 0.2 మొదలు 0.3 మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు. మోటారు మెకానిక్కులు వాడే ఫీలర్ గేజి ఇందుకు సరిపోతుంది. సందు ఎక్కువైతే మెడ ముందుకు వంగినట్టు. బొత్తిగా లేకుంటే వెనుకకు వంగినట్టు. సందు సరిగా ఉండి తీగలు మాత్రం ఎత్తుగా ఉంటే కడ్డీ జోలికి పోరాదు.

సవరింపవలసి వస్తే తీగలను వదులు చేసి, నట్టు మొదటి స్థానాన్ని పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. నట్టు కొన్నింటికి మెడ పైకొనలో, కొన్నింటికి పెట్టె రంధ్రం లోపల ఉంటుంది. కీ కొలత కచ్చితంగా ఉండాలి, లేకుంటే నట్టు మూలలు అరుగుతాయి. నట్టుకు ఎదురుగా నిలిచి చూస్తూ గడియారపు ముల్లు తిరిగే వైపు తిప్పితే ముందు వంపు తగ్గుతుంది. ఎదురు వైపు తిప్పితే పెరుగుతుంది. ఒక్కసారికి పావు చుట్టుకు మించరాదు. అరపావు మరీ మంచిది. తిరిగి శ్రుతి చేసి, మరునాడు మళ్ళీ కొలవాలి. దివిసీమ వంటి సముద్రతీరపు ఊళ్ళలో తుప్పు వలన నట్టు కదలకపోవచ్చు. అటువంటప్పుడు బలం ప్రయోగించక మరమ్మతు తెలిసినవారికి అప్పగించాలి.

కళాశాల సంఘం వారికి ఒక చిన్న మనవి: వార్షికోత్సవాలకు వాద్యాలు కొన్నప్పుడు, గిటారుతో వచ్చిన కీని దాని సంచిలోనే భద్రపరచే ఏర్పాటు చేయించ ప్రార్థన.