కొత్తగూడెం సీటు

గోదావరిఖని

బిడ్డా,

శ్రీరాంపూర్ నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వూ మీ బాపూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటలేరట. నువ్వు కొత్తగూడెంల మైనింగ్ అంటున్నవు, ఆయన హైదరాబాద్‌ల ఏ ప్రైవేట్ కాలేజీ అయినా సరే, కంప్యూటర్ సైన్స్ అంటున్నడు. ఫోన్ల చెప్తే మధ్యల అడ్డం మాట్లాడుతవని రాస్తున్న. మొత్తం చదివినంకనే కోపానికి రా.

ముందుగల ఒకటి తెలుసుకో. మీ బాపుకు ఆ కొత్తగూడెం కాలేజీ మీద ఏ పంచాయితీ లేదు. 1978ల పెట్టిన స్కూల్ ఆఫ్ మైన్స్ అది, అక్కడ చదివినోళ్ల కిందనే ఆయన ఇన్నేండ్లు డ్యూటీ చేసిండు. ఆయనకు పడనిది బొగ్గు బాయి. ఇంట్ల ఎన్నడూ బాయి ముచ్చట చెప్పడు, నువ్వు గమనించినవో లేదో. నేను ఓవర్‌మన్‌గ రిటైరైనోణ్ని కాబట్టి నేను చెప్త. బొగ్గు తీసే ఫేస్ దగ్గరికి పోంగనే ముందు కట్టెతోటి పైకప్పును కొట్టి వింటం. గట్టిగ మోగితే పని మొదలు. డొల్లగ మోగిందంటే మాటల్లేవు, అందర్నీ ఎనుకకు పిలుసుడే. షిఫ్ట్ అంతా ఒక చెవు ఆ కప్పు మీదనే ఉంటది. అట్ల బతికినోడు బిడ్డను అదే కప్పు కిందికి పంపనంటే దాన్ని మొండితనం అనకు. ‘నీకేం తెల్వదు’ అన్నవట గదా, ఆ మాట మాత్రం వాపస్ తీసుకో. బాయి గురించి ఆయనకు తెలిసినంత నీకు తెల్వదు.

ఆయనకు తెల్వంది వేరే ఉన్నది. ఆయన పనిల చేరిననాడు 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఆడమనిషిని భూగర్భ గనిల పనికి పెట్టుకోనే వద్దు. 2019 జనవరిల కేంద్రం సడలించింది. టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజర్ పనులకు, రాతపూర్వకంగ ఒప్పుకున్న ఆడవాళ్లు పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఏడింటి దాక దిగొచ్చన్నది. ఇది ఆయనకు తెలిసేటట్టు చెప్పు. వాట్సాప్‌ల వార్త పారేసి ఊకోకు, పక్కన కూసోని చదివి వినిపించు.

భూపాలపల్లి రాసకట్ల సంధ్య పేరు ఈపాటికే ఆయన ముందట పదిసార్లు తీసి ఉంటవు. ఇగ తియ్యకు. ఎవరి బిడ్డనో చూపెడితే తండ్రికి ధైర్యం రాదు, ఒళ్లు మండుతది. నువ్వు మాత్రం ఆమె దారి మంచిగ చూడు. సింగరేణి కార్మికుని బిడ్డ, కొత్తగూడెంలనే మైనింగ్ చదివింది, అండర్‌గ్రౌండ్‌కు సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ తెచ్చుకున్న దేశపు తొలి ఆడవాళ్లల్ల ఒకామె. అయితే ఆమె కొలువు చేసింది ఎక్కడ? హిందుస్థాన్ జింక్‌ల, రాజస్థాన్ గనుల్ల. మైనింగ్ చదివితే ఇంటి దగ్గర్నే ఉంటనని మీ అమ్మకు ఆశ పెట్టినవట. ఆ మాట ఎట్ల ఇచ్చినవు? సింగరేణి పోస్టులు ఎప్పుడు పడుతయో, పడ్డా ఎంతమంది పోటీకి వస్తరో ఎవరు చెప్పగలరు? జింక్, సున్నపురాయి, యురేనియం, ఎక్కడ పని దొరికితే అక్కడికి పోవాలె. అట్ల పోను సిద్ధమైతేనే ఆ సీటు అడుగు.

బొగ్గు ఎన్నాళ్లుంటదని మీ బాపు అడిగిండట, అది మంచి ప్రశ్నే. సింగరేణి కంపెనీయే సోలార్ ప్లాంట్లు పెట్టుకుంటున్నది చూడు. ఈ ప్రశ్నకు జవాబు నువ్వే తయారు చేసుకోవాలె, నేను రాసియ్య.

ఇగ పైసల ముచ్చట. ఇది మీ బాపుకు చెప్పాల్సింది, ఆయనకూ చెప్త. మన జీతాలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మేనేజ్‌మెంట్ కోటా సీటు కోసం సీఎంపీఎఫ్, అంటే తన పీఎఫ్ నుంచి పైసలు తీస్తనంటున్నడట. రేపు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసిననాడు తల దాచుకునే ఇల్లు ఆ పైసలతోనే కట్టాలె. నువ్వు ఇష్టపడని కోర్సుకు వాటిని ధారపొయ్యనియ్య. నీ ర్యాంకుకు కన్వీనర్ కోటాల కంప్యూటర్ సైన్స్ వస్తే అది వేరే లెక్క, అప్పుడు నువ్వు కూడ ఆలోచించాలె. ర్యాంకు కార్డు దగ్గర పెట్టుకొని పోయినేడు ఏ కాలేజీల సీటు ఏ ర్యాంకు దాక పోయిందో చూసినవా? చూసి ఉంటే ఇద్దరి లొల్లి సగం తగ్గేది.

వెబ్ ఆప్షన్లు దొంగతనంగ పెడుదామనుకోకు. రిజిస్టర్ చేసిన నంబర్ మీ బాపుదే, ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తది. పెట్టే వరుస ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకోండ్రి. మొదటి ఆప్షన్ నీది ఉండాలని నేను అడుగుత. రెండోది, మూడోది ఆయన చెప్పినట్టు పెట్టు, కన్వీనర్ కోటాల వచ్చేటివే అయితే.

ఐతారం నాడు వస్త. ఆయనకు ఫస్ట్ షిఫ్ట్ ఉంటే సాయంత్రం, నైట్ షిఫ్ట్ ఉంటే నిద్ర లేచినంక మాట్లాడుదాం. నిద్ర చాలని మనిషితోటి ఏ మాటా తెగదు. నేను నీ దిక్కు వకీలుగ వస్తలేను, నీ మాట నువ్వే చెప్పాలె. కొత్తగూడెం ఫీజు, హాస్టల్ ఖర్చు కనుక్కొని ఉంచు. మంచిర్యాలల సింగరేణి రైలు ఎక్కితే కొత్తగూడెం స్టేషన్ భద్రాచలం రోడ్ దాక దిగే పని లేదు, సీటు ఖాయం కాకముందే ఒకసారి మీ బాపును తోలుకొని పోయి ఆ కాలేజీ చూసి రా. ఖర్చు నాది.

మీ పెద్దబాపు