కంటికి కనిపించని వైకల్యం – మన సాయం

రంజాన్ రేషన్ కిట్లు పంచే రోజున వీల్‌చైర్‌లో వచ్చిన సోదరుడికి అందరూ దారి ఇస్తారు. అదే వరుసలో ఒక తల్లి పదేళ్ల బాబును పట్టుకుని ముందుకు వస్తే, "పిల్లాడు బాగానే ఉన్నాడుగా, లైన్లో రామ్మా" అన్నారు. అన్నది పరాయివాళ్లు కాదు, మా వాలంటీర్లే. ఆ బాబుకు తలసీమియా. మర్నాడు రక్తం ఎక్కించాలి, నిలబడే ఓపిక లేదు. నలుగురిలో చెప్పుకోలేక ఆమె వరుస చివరికి వెళ్లిపోయింది. మాకు ఆ సంగతి తర్వాత తెలిసింది.

1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం వాటిని 21 చేసింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, ఆటిజం, చదువులో కలిగే ప్రత్యేక ఇబ్బందులు అందులో చేరాయి. వీటిలో చాలావరకు చూస్తే తెలిసేవి కావు. మన ఊళ్లో మరొకటుంది. మిల్లులు, క్రేన్లు, కంప్రెసర్ల మోతలో ఏళ్ల తరబడి పనిచేసినవారికి వినికిడి మెల్లగా పోతుంది. ఇంట్లోవాళ్లు "ముసలాయన పట్టించుకోడు" అనుకుంటారు. చట్టం దీన్ని వృత్తి వ్యాధిగానే లెక్కిస్తుంది.

మానసిక వ్యాధి విషయం ఇంకా కష్టం. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల దగ్గర ఎవరైనా చూస్తే చెల్లెలి సంబంధం చెడిపోతుందని మందులు మానేసినవారున్నారు. అలాంటివారు ఇంట్లోనుంచే 14416కు ఫోన్ చేసి టెలీ మానస్ సలహా పొందవచ్చు.

దాతలకు ఒక మాట, నిష్ఠూరంగా అనుకోవద్దు. మూడు చక్రాల సైకిలు ఇస్తే ఫొటో వస్తుంది. నెలనెలా మాత్రలకు డబ్బిస్తే ఫొటో ఏమీ రాదు. కానీ తలసీమియా బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం కావాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది కనుక దాన్ని తగ్గించే మందు కూడా రోజూ కావాలి. ఒక ఏడాది ఇచ్చి మానేసే సాయం ఇక్కడ సరిపోదు.

సదరం సర్టిఫికెట్ కోసం తిరగడం కూడా పెద్ద పనే. రోజు కూలి వదులుకుని, కాగితాలు పట్టుకుని వెళ్లేవారికి తోడుగా చదువుకున్న కుర్రవాడొకడు వెళ్తే చాలా మేలు.

మేనరికాలున్న కుటుంబాలు పెళ్లికి ముందు తలసీమియా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

ఈ ఏడాది నుంచి కిట్ల రోజున "కూర్చోవాలా అమ్మా?" అని అందరినీ అడుగుతాం, కారణం అడగం. ఉపవాసాల నెలలో మనవాళ్ల రక్తదానం తగ్గుతుంది, బిడ్డల అవసరం మాత్రం తగ్గదు. అందుకే రంజాన్‌కు ముందు వారంలో ఒకసారి, నెల మధ్యలో ఇఫ్తార్ తర్వాత మరోసారి రక్తం ఇచ్చేవారి పేర్లు రాసుకుంటున్నాం. మీ పేరు, బ్లడ్ గ్రూపు మా కార్యాలయంలో ఇవ్వండి.